శ్రీకారానికి బంగారు రేకు పెట్టడం

శుభలేఖలు ఐదొందలు ప్రింటు చేయించినా, దేవుడి ముందు పెట్టే మొదటి ప్రతిని మాత్రం చేత్తో రాయించుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ ఒక్క కార్డు కోసమే వస్తారు. పైన బంగారు శ్రీకారం, చుట్టూ నూరిన రంగులతో తీగలు, కింద వధూవరుల పేర్లు. చూసినవాళ్ళు ముందుగా అడిగేది "తంజావూరు పెయింటింగేనా?" అని. కాదండీ. తంజావూరు పనిలో సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో ఎత్తు చేసి, దాని మీద కాస్త మందపాటి రేకుని జిగురుతో అతికిస్తారు. నేను చేసేది మధ్యయుగాల యూరప్‌లో చేతిరాత పుస్తకాల మొదటి అక్షరాలకి బంగారం పెట్టిన పద్ధతి. ఇందులో పూత పూర్తిగా ఆరాక, దానికి నోటి ఆవిరి పట్టించి, ఆ చెమ్మ ఉన్న కొద్ది క్షణాల్లో రేకు వేస్తాం. తర్వాత రాయితో రుద్ది మెరుగు పెడతాం.

రెండో ప్రశ్న, రేకు ఏ కంపెనీది అని. రేకు గురించి చెప్పాల్సింది కొంచెమే. 23 క్యారెట్లకి తగ్గకుండా కొనండి. సాధారణంగా 8 సెంటీమీటర్ల చదరపు రేకులు 25 కలిపి చిన్న పుస్తకంలా కట్టి అమ్ముతారు. ఆ పుస్తకం మొత్తంలో ఉండే బంగారం సుమారు 0.3 గ్రాము, కాబట్టి ధర చూసి మరీ కంగారు పడక్కర్లేదు. 'గోల్డ్ లీఫ్' పేరుతో చవగ్గా దొరికేది రాగి, జింకు కలిసిన ఇత్తడి రేకు. అది మందం, నోటి ఆవిరికి సరిగా అంటుకోదు, కొన్నేళ్ళకి నల్లబడుతుంది. మిఠాయిల మీద వేసే వెండి వరఖు కూడా అంతే, నల్లబడక మానదు. ఇక్కడి నుంచి నేను ఎక్కువగా చెప్పేది రేకు కింద ఉండే పూత గురించీ, గదిలో గాలి గురించీ.

ముందు గాలి సంగతి

పూతలో ఉండే పంచదార, జిగురు గాలిలోని తేమని పీల్చుకుంటాయి. ఆ తేమే రేకుని పట్టుకుంటుంది. గాలిలో తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు పని హాయిగా సాగుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు అది 30 దగ్గర ఆడుతుంటుంది. అప్పుడు ఎంత ఆవిరి వదిలినా రేకు ఊరికే జారిపోతుంది, మనకేమో టెన్షన్. అదే ఆగస్టులో అయితే పొద్దున్నే లేచి మొదలుపెడితే చాలు. విశాఖ, కాకినాడ వాళ్ళకి సమస్య తిరగబడుతుంది: పూత ఎప్పుడూ మెత్తగానే ఉండి, రాయి పెట్టగానే గీతలు పడుతుంది. వాళ్ళు పంచదార కొంచెం తగ్గించుకుని, మధ్యాహ్నం ఎండ బాగా ఉన్న వేళ పని పెట్టుకోవాలి.

తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. అది కొన్నాకే రేకు కొనండి. ఎండాకాలంలో తప్పనిసరిగా చేయాల్సొస్తే (మన పెళ్ళిళ్ళ ముహూర్తాలన్నీ అప్పుడే కదా) గది తలుపులు మూసి ఒక అరగంట ఎయిర్ కూలర్ నడపండి, తర్వాత ఆపేయండి. ఏసీ వద్దే వద్దు, అది ఉన్న తేమ కూడా లాగేస్తుంది. రేకు తీసేటప్పుడు ఫ్యాను కూడా ఆగి ఉండాలి. ఎవరైనా ధడాలున తలుపు తీసినా ఆ గాలికి రేకు ఎగిరి గోడకి అతుక్కుంటుంది. మా ఇంట్లో ఆ సమయంలో తలుపు బయట చెప్పులు అడ్డం పెడతాను. ఆ గుర్తు అందరికీ తెలుసు.

ఉషక్‌తో మొదలుపెట్టండి

కొత్తవాళ్ళు నేరుగా గెస్సో (ప్లాస్టర్, జిగురు కలిపి చేసే ఉబ్బెత్తు పూత) జోలికి వెళ్ళొద్దు. యునానీ మందుల దుకాణంలో 'ఉషక్' అని అడగండి. ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క నుంచి కారే బంక అది, గోధుమ రంగు గడ్డలుగా ఉంటుంది. చార్మినార్ చుట్టుపక్కల ఉన్న పాత దుకాణాల్లో అడగ్గానే తీసిస్తారు. యూరప్ పనివాళ్ళు బంగారం కింద పూయడానికి వాడిన బంకల్లో ఇదొకటి.

పుల్లలూ, మట్టీ ఏరేసి, గడ్డలు మునిగేంత మాత్రమే వేడినీళ్ళు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి పాలలా తెల్లటి ద్రవం అవుతుంది. వేలితో మెదిపి, పాత నైలాన్ గుడ్డలో వడకట్టండి. గట్టిగా పిండితే చెత్త కూడా దిగుతుంది, దానంతట దాన్నే కారనివ్వండి. వాసన బాగోదు, ముందే చెబుతున్నా. ఇందులో చిటికెడు జాజు, అంటే ముగ్గు పక్కన దిద్దే ఎర్రమన్ను, కలిపితే తెల్ల కాగితం మీద ఎక్కడ పూశామో కనిపిస్తుంది, బంగారానికి కింద నుంచి వెచ్చని ఛాయ కూడా వస్తుంది. పాత పనివాళ్ళు దీనికోసమే ఆర్మేనియా ఎర్రమట్టి వాడేవాళ్ళు. మన జాజు మెత్తగా నూరితే నాకు ఏ తేడా కనిపించలేదు.

బ్రష్‌తో ఒక పూత, ఆరాక దాని మీద ఇంకొకటి. బుడగ కనిపిస్తే సూదితో పొడిచేయండి. గంట, గంటన్నరలో రేకుకి సిద్ధమవుతుంది. మెరుపు గెస్సో అంత రాదు, ఉబ్బు కూడా తక్కువే, కానీ రేకు బాగా పట్టుకుంటుంది, చెయ్యి కుదురుకుంటుంది. ఇంట్లో అదీ లేకపోతే వెల్లుల్లి రసం. రెండు రెబ్బలు దంచి, గుడ్డలో పిండి, బ్రష్‌తో గీసి ఆరనివ్వండి. నవ్వకండి, ఇది కూడా పాత పద్ధతే. పిల్లలకి నేర్పేటప్పుడు దీంతోనే మొదలుపెడతాను.

గెస్సో: ఇక్కడ ఓపిక కావాలి

ఉబ్బెత్తుగా, వంపు మీద వెలుగు ఆడేలా బంగారం కావాలంటే గెస్సో తప్పదు. దీనికి కావాల్సింది 'చచ్చిన' ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మామూలు ప్లాస్టర్ నీళ్ళు తగలగానే గట్టిపడుతుంది. ఆ గుణం పోగొట్టాలి. బకెట్ నిండా నీళ్ళు తీసుకుని, కలుపుతూ ప్లాస్టర్‌ని కొద్దికొద్దిగా చల్లండి, గంటసేపు కలపడం ఆపకండి. తర్వాత రోజూ పైన తేరిన నీళ్ళు పారబోసి, కొత్తవి పోసి, అడుగుదాకా కలపాలి. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని కనీసం నెలరోజులు ఇలా రోజూ కలపమని రాసిపెట్టాడు. నెల తర్వాత వెన్నలాంటి ముద్ద దిగుతుంది. గుడ్డలో పిండి, బిళ్ళలు చేసి ఆరబెట్టుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. ప్లాస్టర్ కలిపిన నీళ్ళు సింకులో పోయకండి, పైపు పూడుకుపోతుంది. మొక్కల దగ్గర కాకుండా ఎక్కడైనా మట్టిలో పారబోయండి.

నా పాళ్ళు ఇవి, అన్నీ ఒకే చిన్న చెంచాతో తలకొట్టి కొలిచినవి: ప్లాస్టర్ పొడి 8, టైటానియం తెలుపు 3, పంచదార 1, చేప జిగురు 1, చిటికెడు జాజు. పాత లెక్కలో టైటానియం చోట సీసపు తెలుపు ఉండేది. మెరుగు దానికే బాగా వస్తుందని పాతవాళ్ళు అంటారు, అనుకోనివ్వండి. సీసం విషం. ఇంట్లో నూరే పని కాబట్టి నేను దాన్ని గుమ్మం దాటనివ్వను. చేప జిగురు దొరక్కపోతే తినే జెలటిన్‌ని చిక్కగా కరిగించి వాడొచ్చు, అయితే అది ఆరాక కొంచెం పెళుసు.

పొడులన్నీ గాజు పలక మీద వేసి, ముందు పొడిగానే నూరండి. తర్వాత జిగురు, చుక్క చుక్కగా డిస్టిల్డ్ వాటర్. రంగులు నూరే గాజు ముల్లర్ ఉంటే సరే, లేకపోతే ఆయుర్వేదం వాళ్ళ కల్వం చాలు. అరగంటకి తక్కువ కాకుండా నూరాలి. వేళ్ళ మధ్య రుద్దితే ఇసుక తగలకూడదు. పల్చటి మీగడ మాదిరి అయ్యాక చిన్న సీసాలో పోసి, బుడగలు పైకి తేలేదాకా గంటసేపు కదపకుండా ఉంచండి. బుడగల బాధ అప్పటివాళ్ళకీ ఉండేది. గుడ్డు తెల్లసొనతో చేసే పూతలో నురగ పోవడానికి కాస్త చెవి గులిమి వేయమని పాత రాతల్లో ఉంది! నేను సూదితోనే సరిపెట్టుకుంటున్నాను.

ఇప్పుడు అక్షరం. యూరప్ అక్షరాల్లో నిలువు గీతలు లావుగా ఉంటాయి, గెస్సో పోయడానికి చోటు ఉంటుంది. మన శ్రీకారం అలా కాదు. పొట్ట గుండ్రం, గుడిదీర్ఘం మెలిక, కింద నుంచి చుట్టుకొచ్చే క్రావడి చివరికి వచ్చేసరికి దారమంత. అందుకే అక్షరాన్ని ముందు రెండు భాగాలుగా చూసుకోండి. గీత 2 మిల్లీమీటర్ల కంటే లావున్న చోటల్లా గెస్సో. అంతకంటే సన్నబడిన తోకలు, కొసలు తర్వాత పొడి బంగారంతో బ్రష్ మీద. సన్నగీత మీద గెస్సో పోస్తే గుండ్రంగా నిలవదు, రేకు అంచులు చిరిగి చింపిరిగా కనిపిస్తుంది. నేను శ్రీకారాన్ని 5 సెంటీమీటర్ల ఎత్తు చేస్తాను. అంతకంటే చిన్నదైతే క్రావడి లోపలి సందు పూడుకుపోతుంది.

కాగితం నున్నటి కాటన్ కాగితం, 300 జీఎస్ఎం. పల్చటిదైతే తడికి ఉబ్బి, ఆరాక గెస్సో బీటలు వారుతుంది. 2హెచ్ పెన్సిల్‌తో అంచు గీసుకుని, బల్ల సమంగా ఉందో లేదో చూసుకుని, బ్రష్ నిండా గెస్సో తీసుకుని మధ్యలో ఒక నిండు చుక్క వదలండి. బ్రష్ మొనతో ఆ చుక్కని అంచులదాకా లాక్కుపోవడమే. గోడకి సున్నం కొట్టినట్టు అటూ ఇటూ రుద్దకూడదు. కొస నుంచి మొదలుపెట్టి పొట్టలోకి రండి, తిరిగి వెనక్కి వెళ్ళకండి. రాత్రంతా నీడలో ఆరనివ్వండి. పొద్దున బీటలు కనిపిస్తే పంచదార తక్కువైందనో, మరీ మందంగా పోశారనో అర్థం. వేలికి జిడ్డుగా తగిలితే పంచదార ఎక్కువైంది. గరుకున్న చోట వంపు బ్లేడుతో, బరువు వేయకుండా గీకి నున్నగా చేసుకోండి. ఆ పొడి దులపండి కానీ వేలితో తుడవకండి. చేతి జిడ్డు తగిలిన చోట రేకు పట్టదు, లేదా కాగితం మీద అక్కర్లేని చోట పడుతుంది.

రేకు వేయడం

పదినిమిషాల పని. బటర్ పేపర్ ముక్కలు, మెత్తటి బ్రష్, పట్టుకారు, చూపుడు వేలంత కాగితపు గొట్టం దగ్గర పెట్టుకోండి. రేకుని దాని కాగితంతో సహా చిన్న ముక్కలుగా కత్తిరించుకోండి, కత్తెరకి టాల్కమ్ పౌడరు రాస్తే అంటుకోదు.

గొట్టం పూతకి దగ్గరగా పెట్టి, గొంతులోంచి 'హా' అంటూ నెమ్మదిగా ఆవిరి వదలండి. పెదాలు ముడిచి 'ఫూ' అని ఊదితే చల్లగాలి వస్తుంది, ఉన్న తేమ కూడా ఆరిపోతుంది. మూడు నాలుగు సార్లు 'హా', వెంటనే రేకు ముక్క బోర్లా వేసి, పైన బటర్ పేపర్ ఉంచి బొటనవేలితో గట్టిగా నొక్కడం. అంచుల చుట్టూ కూడా గోటితో కాగితం మీంచే అదమండి, వంపు దిగే చోటే రేకు ఎక్కువగా తప్పిపోతుంది. ఎక్కడైనా ఎర్రగా కనిపిస్తే మళ్ళీ 'హా', మళ్ళీ చిన్న ముక్క. మొత్తం కప్పాక రెండో వరస వేస్తే లోతు వస్తుంది. బంగారం బంగారానికి చక్కగా అంటుకుంటుంది కాబట్టి దీనికి ఆవిరి అక్కర్లేదు, నొక్కితే చాలు.

మెరుగుకి అకీక్ (అగేట్) రాయి కావాలి, కుక్కకోర ఆకారంలో పిడికి బిగించినది. యూరప్‌లో ఒకప్పుడు నిజంగా కుక్క పళ్ళే వాడేవాళ్ళు. ముందు బటర్ పేపర్ మీంచి రుద్దండి. అరగంట ఆగి, రాయిని శుభ్రమైన గుడ్డకి తుడిచి, నేరుగా బంగారం మీద, మొదట బరువు లేకుండా, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ రుద్దండి. రాయి ఈడ్చుకుపోతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపేయండి, లోపల ఇంకా తడి ఉంది. సాయంత్రందాకా వదిలేయడమే. చుట్టూ రాలిన పొట్టుని మెత్తటి బ్రష్‌తో ఒక డబ్బాలోకి దులుపుకోండి. ఒక్క తునక కూడా పారేయకండి.

పొడి బంగారం

ఆ డబ్బాలో తునకలు ఒక పూర్తి పుస్తకం సరిపడా పోగయ్యాక పింగాణీ పళ్ళెంలో వేసి, రెండు చుక్కల తేనెతో వేలి కొనతో నూరాలి. గంట అయినా పడుతుంది, నేను టీవీ చూస్తూ చేస్తాను. మెరుపు పోయి మట్టిరంగు ముద్దలా అయ్యాక గోరువెచ్చటి నీళ్ళు పోసి కదిలించి, బంగారం అడుక్కి దిగేదాకా కొన్ని గంటలు ఆగి, పైనీళ్ళు జాగ్రత్తగా వంచేయండి. తేనె పూర్తిగా పోయేదాకా ఇలా కడుగుతూనే ఉండాలి. చివర్లో మిగిలిన పొడికి ఒకటి రెండు చుక్కల పల్చటి బంకనీళ్ళు కలిపితే అదే బంగారు రంగు. యూరప్‌లో దీన్ని ఆల్చిప్పల్లో దాచుకునేవాళ్ళు. సాలార్‌జంగ్ మ్యూజియంలో బంగారు అలంకారం ఉన్న ఖురాన్ ప్రతులు చూసే ఉంటారు. ఇరాన్, దక్కన్ పనివాళ్ళు ఎక్కువగా వాడింది ఈ పొడి బంగారమే. ఈసారి వెళ్ళినప్పుడు అద్దానికి ఎదురుగా కాకుండా పక్కకి జరిగి, కొంచెం వంగి చూడండి. మెరుగుపెట్టిన చోటు, పెట్టని చోటు వేరువేరుగా తెలుస్తాయి.

క్రావడి కొసలు దీంతో దిద్దండి, బాగా ఆరాక బటర్ పేపర్ మీంచి రాయితో రుద్దండి. అయితే రేకు పని మొత్తం అయ్యాకే పొడి బంగారమైనా, రంగులైనా. ముందు రంగు వేశారంటే అందులోని బంకకి రేకు అతుక్కుని, తీగలు, ఆకులు కూడా బంగారమైపోతాయి.

రంగులు

బంక ఒకటే: తుమ్మ బంక ఒక పాలు, వేడినీళ్ళు రెండు పాళ్ళు, కరిగాక వడకట్టి కొన్ని చుక్కల తేనె, బూజు పట్టకుండా ఒక లవంగం. రంగు పొడిని నీళ్ళతో నూరి, ఈ బంక కలిపి, చిత్తుకాగితం మీద పూసి ఆరాక వేలితో రుద్దండి. రంగు వేలికి అంటితే బంక చాలలేదు. మరీ నిగనిగలాడుతూ పగిలితే ఎక్కువైంది. ప్రతి రంగుకీ ఇది వేరేగా ఉంటుంది, కాబట్టి పాళ్ళు అడగొద్దు, పరీక్షించుకోవడమే.

ఎరుపుకి నేను జాజే వాడతాను. ఇంగిలీకం అనే ఎర్రరంగు మెరుపు దీనికి లేదు, నిజమే. చేర్యాల నకాషీ చిత్రకారుల పాత పటాల్లో కనిపించే ఆ ఎరుపు ఇంగిలీకానిదే. కానీ అందులో ఉండేది పాదరసం, పసుపుకి వాడే హరిదళంలో ఉండేది ఆర్సెనిక్. అలవాటు లేనివాళ్ళు ఇంట్లో వీటిని పొడి చేయకూడదు. సింధూరం పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో సీసం ఉంటుంది, దాన్ని కూడా వదిలేయండి. పసుపుకి పసుపుపచ్చటి ఓకర్ మట్టి చాలు. వంటింటి పసుపు వెలుతురుకి వెలిసిపోతుంది, కార్డు నాలుగు మూలలా రాయడానికి మాత్రమే పనికొస్తుంది.

నీలం దగ్గర జాగ్రత్త. కొట్లో 'నీలిమందు' అంటే బట్టలకి పెట్టేది ఇస్తారు. అది నీలి మొక్క నుంచి వచ్చింది కాదు. పొడి రూపంలో ఉన్నదైతే చాలావరకు కృత్రిమ అల్ట్రామెరీన్, 1820ల్లో ఫ్రాన్స్‌లో కనిపెట్టినది. చిత్రానికి పనికిరాదని అనను, కానీ అందులో ఇంకేం కలిపారో తెలియదు. అద్దకాల వాళ్ళ దగ్గర అసలు నీలి బిళ్ళలు దొరుకుతాయి. మెత్తగా నూరితే చీకటి నీలం వస్తుంది, బంగారం పక్కన దానంత హుందాగా మరేదీ ఉండదు. లాజవర్ద్ అనే నీలిరాయిది (లాపిస్ లాజులి) వేరే కథ. ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి యూరప్ మఠాలదాకా వెళ్ళిన రాయి అది. ఊరికే దంచితే బూడిదరంగు పొడి వస్తుంది. మైనం, గుగ్గిలం కలిపిన ముద్దలో పెట్టి, క్షారపు నీళ్ళలో పిసికితేనే నీలం విడిగా దిగుతుంది. జర్మనీలోని డాల్‌హైమ్‌లో పాతిపెట్టిన ఒక మధ్యయుగపు సన్యాసిని పళ్ళ గారలో ఈ నీలం రేణువులు దొరికాయని 2019లో ప్రకటించారు. బ్రష్ మొనని నోట్లో తడుపుకునే అలవాటు వల్ల కావచ్చని పరిశోధకుల ఊహ. మీరు మాత్రం ఏ రంగుతోనైనా, ఎంత అలవాటున్నా, బ్రష్ నోట్లో పెట్టకండి. నూరేటప్పుడు మాస్కు, వంటగిన్నెలు వాడకపోవడం కూడా అంతే ముఖ్యం.

ఆకుపచ్చకి చాలామంది రాగి చిలుము చేసుకోవాలని ఉబలాటపడతారు, రాగిరేకు మీద వెనిగర్ పోసి. రంగు అద్భుతం. కొన్నేళ్ళకి అది కాగితాన్ని తినేసి ఆకు ఆకారంలో చిల్లు మిగులుస్తుంది. దాని బదులు నీలిలో ఆ పసుపుపచ్చటి ఓకర్ మట్టి కలుపుకోండి. నలుపుకి ఆముదం దీపం మీద పట్టిన మసి. అది నీళ్ళలో కలవనని తేలిపోతుంటే ఒక చుక్క స్పిరిట్ వేయండి, దారికొస్తుంది.

రంగులన్నీ అయ్యాక ఆ నలుపుతోనే శ్రీకారం అంచు చుట్టూ సన్నటి గీత తీయండి. రేకు అంచుల్లో మిగిలిన ఎగుడుదిగుడులన్నీ దాని కింద సర్దుకుంటాయి.

కార్డు ఇచ్చేటప్పుడు ఇంటివాళ్ళకి మూడు మాటలు చెబుతాను. పసుపు, కుంకుమ తడిగా కాకుండా పొడిగా, మూలలకి మాత్రమే పెట్టండి. బంగారం మీద వేలు పెట్టొద్దు, హారతి మరీ దగ్గరగా తేవద్దు. పెళ్ళయ్యాక ఫ్రేము కట్టిస్తే గాజు బంగారానికి తగలకుండా మధ్యలో మందపాటి అట్ట అంచు వేయించండి. లామినేషన్ చేయించారో, ఆ వేడికీ, ఒత్తిడికీ గెస్సో నుగ్గైపోతుంది.